మూడవ మీట

ఈ మాసము నేను వ్రాయబూనినది ఒక ఆట యంత్రమును గూర్చి. పాస్టరుగారికి ఆట యంత్రముతో ఏమి పని యని మీలో కొందరు నవ్వుకొందురు. నవ్వుకొనుడి, మా యింటను నవ్విరి. నాకిప్పుడు 58 ఏండ్లు. వేదాంత కళాశాలలో నాకు గ్రీకు నేర్పిరి, హెబ్రీ నేర్పిరి, ప్రసంగము కట్టుట నేర్పిరి గాని టంకము పెట్టుట ఎవరును నేర్పలేదు. అయినను 2025 మే నెలలో నాలుగు దినములు మా పెద్ద కుమారుని ప్రక్కను చాపమీద కూర్చుండి, 26 సంవత్సరములు అటకమీద పడియున్న టీవీ గేము సెట్టు నొకదానిని విప్పి, శుభ్రపరచి, మరల నడిపించు పనిలో చేయి కలిపితిని.

ముందుగా ఆ సెట్టు మా యింటికి వచ్చిన సంగతి చెప్పెదను. 1999 వేసవిలో మేము పల్నాటిలో ఒక పల్లె సంఘములో నుంటిమి. మా పెద్దవాడు నాలుగవ తరగతి ముగించెను. వానికి 9 ఏండ్లు. వాని మేనమామ హైదరాబాదునుండి వచ్చుచు, కోఠీలోని గుజరాతీ గల్లీలో ఒక అట్టపెట్టె కొని తెచ్చి వాని చేతిలో పెట్టెను. విప్పి చూడగా లోపల బూడిదరంగు ప్లాస్టిక్ సెట్టు, దానికి తీగలతో తగిలించు రెండు రిమోట్లు, ఒక బొమ్మ తుపాకి, ఒక పసుపుపచ్చ కేసెట్టు ఉండెను. ఆ కేసెట్టుమీద వేలకొలది ఆటలు కలవని అచ్చువేసి యుండెను. తీరా చూడగా ఇరువది ఆటలే పేర్లు మార్చుకొని మరల మరల వచ్చుచుండెను. అబద్ధమునకు రంగుల అచ్చు ఎంత బాగుగా నప్పినదో యని అప్పుడు నేను ఎగతాళి చేసితిని. ఆ ఎగతాళికి నేను ఎంత తగినవాడనో ఇంకొంచెము చదివినచో మీకే తెలియును.

ఇట్టి సెట్లకు మూలము జపాను దేశములో కలదు. నింటెండో కంపెనీవారు 1983 జూలై 15న ఫ్యామిలీ కంప్యూటర్ అను యంత్రమును అక్కడ విడుదల చేసిరి. మసయుకి ఉయెమురా అను ఇంజనీరు దానిని రూపొందించెను. తొలి విడత సెట్లలో ఒక చిప్పు దోషమువలన ఆట నడుమ స్తంభించిపోవుచుండగా, కంపెనీవారు వాటిని వెనుకకు రప్పించి లోపలి బోర్డు మార్చి ఇచ్చిరి. పిమ్మట ఆ యంత్రమునకు అనుమతి లేని నకళ్ళు తైవానులోను చైనాలోను విస్తారముగా తయారై, 1990ల నాటికి మన బజారులకును వచ్చెను. మా బావమరిది కొన్నదియు అట్టి నకలే. ఆ సంగతి అతనికిని తెలియదు, మాకును తెలియదు. మన ఊళ్ళలో అన్నిటికిని ఒకటే పేరు: టీవీ గేము.

ఆ యంత్రముయొక్క పొదుపు చూచినచో మన పల్లె గృహిణులు మెచ్చుకొందురు. ఆట నడుచునప్పుడు లెక్కలు గుర్తుంచుకొనుటకు దానికి గల చోటు 2 కిలోబైట్లు మాత్రమే. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ అను పేరుపొందిన ఆట అంతయు 40 కిలోబైట్లలో ఇమిడినది. నేడు మన ఫోనులో తీసికొను ఒక్క ఫొటోకు దానికి ఎన్నో రెట్లు చోటు కావలెను. ఆ ఆటలో ఆకాశములోని మేఘమును, నేలమీది పొదయు ఒకటే బొమ్మ. మేఘమునకు తెలుపు వేసిరి, పొదకు ఆకుపచ్చ వేసిరి. లేనివారింట ఒకే దుప్పటి పగలు గుమ్మమునకు తెరయై రాత్రి పిల్లలకు కప్పు అయినట్లు!

ఇక నా సంగతి. ఆ వేసవిలో మా యింటి వసారా పిల్లలతో నిండిపోయెను. మాకు 14 అంగుళముల నలుపు తెలుపు టీవీ ఒకటి యుండెను. మొదటి మీటమీద దూరదర్శన్, మూడవ మీటమీద ఈ ఆట. శనివారము రాత్రి నేను ఆదివారపు ప్రసంగమునకు కూర్చుండగా బాతులు అరచుట, తుపాకి టిక్కుమనుట, పిల్లలు చప్పట్లు కొట్టుట. ఒక సంఘపెద్ద నా యెదుటనే, "అయ్యగారు ఇంట్లో సినిమాహాలు పెట్టారా?" అనెను. ఆ మాట నాకు ముల్లువలె గ్రుచ్చుకొనెను.

నేను "ఇక వద్దురా" యని ఒక్కమాట అనియుండినచో మా వాడు మానియుండును. వాడు చెప్పినమాట వినువాడు. కాని అది మా యింటి ఆమెకు ఉన్న ఒక్క తమ్ముడు ఇచ్చిన కానుక. నేను వద్దంటే ఆమె మనస్సు నొచ్చును. బావమరిదికి తెలిసినచో అతడును చిన్నబుచ్చుకొనును. సంఘపెద్దకు నచ్చవలెను, ఇంటివారికి నేను చెడ్డ కాకూడదు. ఈ రెండును ఒకేసారి కావలెనని కోరుకొంటిని.

అప్పటి టీవీలకు మీటల ప్రక్కను చిన్న మూత యొకటి ఉండెడిది. దానిని తెరచినచో ఒక్కొక్క మీటకు ఒక్కొక్క చిన్న పళ్ళచక్రము కనబడును. రేడియోలో ముల్లు త్రిప్పి స్టేషను పట్టుకొన్నట్లే, ఆ చక్రమును త్రిప్పి ఆ మీటకు కావలసిన స్టేషనును పట్టవలెను. టీవీ గేము సెట్టు ఏరియల్ తీగగుండా టీవీకి బొమ్మను పంపునప్పుడు తానే ఒక చిన్న ప్రసార కేంద్రమువలె పనిచేయును. టీవీ ఆ స్టేషనుమీద నిలిచియుంటేనే బొమ్మ వచ్చును. లేనిచో చుక్కలు మాత్రమే. ఒక రాత్రి అందరును నిద్రించిన తరువాత నేను ఆ మూత తెరచి, మూడవ చక్రమును గోటితో నాలుగు చుట్లు త్రిప్పి, మూత మూసి, వచ్చి పండుకొంటిని. అంతే. సెట్టును ముట్టుకొననైనను లేదు.

మరునాడు మా వాడు మీట నొక్కెను. చుక్కలు. కేసెట్టు తీసి అడుగున నోరు పెట్టి ఊదెను. మరల పెట్టెను. చుక్కలు. ఆ కాలమున పిల్లలకందరికిని తెలిసిన మందు అదొకటే, ఊదుట. వాడు ఆ దినమంతయు ఊదెను. మరునాడును ఊదెను. వారము దినములు ఊదెను. నేను పడక కుర్చీలో కూర్చుండి పుస్తకము తెరచుకొని చూచుచుంటిని. "నాన్నా, ఎందుకు రావట్లేదు?" అని అడిగెను. "పాడైపోయుంటుందిరా" అంటిని.

అంతకు కొలది దినముల ముందు వాడు ఆ సెట్టు ప్రక్కను మజ్జిగ గ్లాసు ఒలికించియుండెను. దానివలననే చెడిపోయినదని వాడు తనకు తానే తీర్మానించుకొనెను. ఎవరును చెప్పకయే మేనమామకు పోస్టుకార్డు వ్రాసెను: "మావయ్యా, నువ్విచ్చిన గేమ్ నేను మజ్జిగ ఒలకబోసి పాడుచేశాను. ఏమీ అనుకోవద్దు." ఆ కార్డును నాకిచ్చి పోస్టులో వేయుమనెను. నేను దానిని చదివితిని. చదివి పోస్టు డబ్బాలో వేసితిని.

ఆ బుధవారపు ప్రార్థన కూటములో, మా యింటి ఆట యంత్రము దానంతట అదే మూలపడినదని చెప్పితిని. అందరును సంతోషించిరి. సంఘపెద్ద స్తోత్రమనెను.

బావమరిది ఏమియు అనుకొనలేదు. అతడు మంచివాడు. కాని అతనికి హాస్యమెక్కువ. నాటినుండి మా వానికి "మజ్జిగ అల్లుడు" అని పేరు పెట్టెను. పెండ్లిలో, పండుగలో, పదిమందిలో "ఏరా మజ్జిగ అల్లుడా!" యని పిలుచును. అందరు నవ్వుదురు. మా వాడును నవ్వును, తల వంచుకొని. 2011లో బావమరిది కాలము చేసెను. అప్పటివరకు ఆ పేరు పోలేదు.

మేము నాలుగు ఊళ్ళు మారితిమి. సెట్టు పెట్టెలో నుండి, పెట్టె అటకలో నుండి, మాతోకూడ తిరిగెను. 2004లో రంగుల టీవీ వచ్చినది. పాతది మూలకు చేరెను. మా వాడు చదువుకొని హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగములో స్థిరపడెను. వాని కుమారునికి ఇప్పుడు 8 ఏండ్లు. వేసవి సెలవులకు వచ్చినప్పుడు మా వాడు అటకవైపు చూచి, "నాన్నా, ఆ మజ్జిగ గేమ్ ఇంకా ఉందా?" యని అడిగెను. నా గుండె ఒక్కమారు గతుక్కుమనెను.

పాత ఆటలు ఆడుటకు ఈ దినములలో ఆ పాత సెట్టే అక్కరలేదట. ఇంగ్లండులో కేంబ్రిడ్జివారు 2012లో రాస్ప్‌బెర్రీ పై అను బ్యాంకు కార్డంత చిన్న కంప్యూటరును అమ్మకమునకు తెచ్చిరి. దానిలో రెట్రోపై అను ఏర్పాటును ఒక మెమరీ కార్డుమీద ఎక్కించినచో పాత యంత్రములన్నిటి వేషమును అదే వేయును. మా వాడు హైదరాబాదులో తన కుమారుని కొరకు దానిని సిద్ధపరచెను. మొదట రెండు రాత్రులు అది సతాయించెనట. తెర మూలలో ఒక మెరుపు గుర్తు వచ్చుట, ఆట నడుమ ఆగుట. తీరా చూడగా ఫోను చార్జరు పెట్టియుండెను. వాని దగ్గరనున్న మూడవ తరము బోర్డుకు 5 వోల్టుల వద్ద 2.5 ఆంపియర్లు ఇచ్చు సరియైన అడాప్టరు కావలెను. కరెంటు చాలనప్పుడు ఆ మెరుపు గుర్తు వచ్చునట. ఆకలి వేసినప్పుడు చెప్పుకొనగల యంత్రము! అన్నియు కుదిరిన తరువాత మనుమడు వంద ఆటలు తెరచి, ఒకటియు అయిదు నిమిషములు ఆడలేదట. "నాకు కావలసింది అది కాదు నాన్నా, నేను పాడుచేసింది బాగుచేయాలి" అనెను మా వాడు.

నేను పాడుచేసింది. ఈ మాట వాడు తేలికగా అనెను. నేనప్పుడే చెప్పవలసినది. చెప్పలేదు. మెట్ల నిచ్చెన పట్టుకొంటిని.

మొదటి దినము అడాప్టరు పని. దాని తీగను ఎలుకలు కొరికియుండెను. మా వాడు మల్టీమీటరుతో చూచి, ఇది పనికిరాదని ప్రక్కను పెట్టి, టౌనులో రేడియో బాగుచేయువాని దుకాణమునుండి 9 వోల్టులది క్రొత్తది తెచ్చెను. కాని వెంటనే గ్రుచ్చలేదు. "వోల్టులు ఒకటైతే చాలదు నాన్నా, పిన్ను నడిమధ్య ప్లస్సో మైనస్సో చూడాలి" యని సెట్టు అడుగున అచ్చువేసిన గుర్తును నాకు చూపించెను. ఒక చుక్క, దాని చుట్టును విల్లువంటి గీత, ఇరుప్రక్కల కూడిక తీసివేత గుర్తులు. మా సెట్టుకు మధ్యలో మైనస్. దుకాణమునుండి తెచ్చినదానికి మధ్యలో ప్లస్. అట్లే గ్రుచ్చియుండినచో సెట్టు మాడిపోయెడిది. తీగలు కోసి అటుదిటు మార్చి అతికించెను. మీ యిండ్లలో పాత టేపురికార్డరులు, రేడియోలు ఉన్నవారు ఈ గుర్తును చూడకుండ ఏ అడాప్టరును పెట్టకుడి.

రెండవ దినము పెట్టె విప్పెను. లోపల బోర్డు నడుమ నల్లని తారు బొట్టువంటిది కలదు. దాని క్రిందనే యంత్రముయొక్క మెదడు అంతయు నున్నదట. అది చెడినచో చేయగలిగినది లేదు. ప్రక్కను రేకు ముక్కకు బిగించిన మూడు కాళ్ళ వస్తువొకటి, వచ్చిన 9 వోల్టులను 5కు దించి, మిగిలినదానిని వేడిగా విడుచును. అందుకే ఈ సెట్లు కొంతసేపటికి వెచ్చబడును. మీటరు పెట్టగా సరిగా 5 చూపెను. ఒక కెపాసిటరు మాత్రము తల ఉబ్బియుండెను. పాతదానిని కరిగించి తీసి, దాని కొలతకు సరియైన క్రొత్తదానిని, మైనస్ చార చూచి పెట్టి, టంకము వేసెను. సీసపు టంకమునుండి వచ్చు పొగ మంచిది కాదని మనుమని దూరముగా కూర్చుండబెట్టి, కిటికీ తెరచి, పని అయిన తరువాత చేతులు కడుగుకొనెను. రెండవ రిమోటులో ఒక తీగ తెగియుండెను. అందు తీగలు అయిదు: రెండు కరెంటుకు, మిగిలిన మూడిటిలో ఒకటి "చెప్పు" అనును, ఒకటి తాళము వేయును, ఒకటి జవాబు తెచ్చును. ఎనిమిది మీటల కబురును ఆ ఒక్క తీగమీదనే ఒకదాని వెనుక ఒకటిగా పంపునట. పాఠశాలలో హాజరు పిలిచినట్లు!

ఇక కేసెట్టు పెట్టు చోటు. అక్కడ మొత్తము 60 రాగి పండ్లు, ఇటు 30, అటు 30. మా వాడు టార్చి వేసి చూచి కొంతసేపు మాట్లాడలేదు. కొన్ని పండ్లకు పచ్చని చిలుము పట్టియుండెను. కేసెట్టు అంచులకును అట్లే. "చూశారా నాన్నా, ఇదంతా నేను ఊదిన ఊపిరే" యనెను.

అది నిజమే. నోటితో ఊదినచో దుమ్ము పోవుటకంటె తడి చేరుట ఎక్కువ. ఊపిరిలోని తేమ రాగిని తినును. ఊదవద్దని ఆ నింటెండో కంపెనీవారే చెప్పిరి. మరి ఊదినప్పుడు కొన్నిసార్లు పనిచేసెడిది గదా యని మీరందురు. కేసెట్టును తీసి మరల పెట్టుటవలన పండ్లు కొంచెము రాచుకొని మేలు కలుగును. పేరు ఊపిరికి వచ్చెను. మా వాడు వ్రాత రబ్బరుతో కేసెట్టు అంచులను మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది తడిపి ప్రతి పంటిని తుడిచెను. పని ఎక్కువగా నుండుటచేత నేనును ఒక దూది పుల్ల తీసికొంటిని. 60 పండ్లు. తెల్లని దూది పచ్చగా మారుచుండెను. ఒక్కొక్క పుల్లను పారవేయునప్పుడు ఆ వారము దినములు నాకు జ్ఞాపకము వచ్చుచుండెను. చెప్పుటకు నోరు తెరచి, "ఇంకొక పుల్ల ఇయ్యరా" అంటిని.

ఆ సాయంకాలము సెట్టును హాలులోని పెద్ద టీవీకి ఏవీ తీగతో తగిలించెను. పాత టీవీకి ఏరియల్ రంధ్రము తప్ప వేరొకటి లేదు గనుక 1999లో ఆ తీగను మేము ఎన్నడును వాడలేదు. మీట నొక్కగానే బొమ్మ వచ్చెను! మనుమడు ఎగిరెను. మా వాడు పసిబిడ్డవలె నవ్వెను. నేనును నవ్వితిని, ఇంతటితో గండము గడచినదనుకొని.

మూడవ దినము మనుమడు తుపాకి తీసెను. డక్ హంట్ అని 1984 నాటి బాతుల ఆట. ఎంత గురిపెట్టినను ఒక్క బాతు పడలేదు. తుపాకి చెడిపోయినదని మనుమని ఏడ్పు. మా వాడు వానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని చెప్పిన సంగతి నాకును వింతగా నుండెను. తుపాకినుండి ఏమియు వెలుపలికి రాదట. దాని గొట్టములో వెలుగును చూచు కన్ను ఒకటి కలదు. మీట నొక్కినప్పుడు యంత్రము రెప్పపాటున తెరను నల్లగా చేసి, బాతు ఉన్నచోట మాత్రము తెల్లని చదరమును చూపును. తుపాకి కన్ను ముందు చీకటిని, వెంటనే వెలుగును చూచినచో గురి తగిలినట్లు. దీపమువైపు చూపి మోసగింపబోయినవాడు పట్టుపడును, ఏలయనగా దీపము ముందుగా నల్లబడదు. పాత టీవీలలో బొమ్మ గొట్టముమీద అప్పటికప్పుడు గీయబడును, సెకనుకు 50 మారులు. క్రొత్త పలుచని టీవీ బొమ్మను తనలో సర్దుకొని కొంచెము ఆలస్యముగా చూపును. యంత్రము అడిగిన క్షణమున జవాబు చేరదు. అందుచేత తుపాకి మంచిదే, తెర దానికి తగినది కాదు.

"అయితే పాత టీవీ కావాలి" యనెను మనుమడు.

అది చర్చి వెనుక గదిలో, పాత బల్లల క్రింద ఉండెను. దానిని ఇద్దరును మోసికొని వచ్చుచుండగా నా చేతులు వణకుట బరువువలననే యని మా వాడు అనుకొనెను. దుమ్ము పైపైనే తుడిచితిమి. వెనుక మూత విప్పలేదు. గొట్టము గల టీవీలలో స్విచ్చి తీసిన తరువాతను ప్రాణాపాయమైన కరెంటు నిలిచియుండును గనుక తెలియనివారు విప్పరాదు. మీట నొక్కగా అది గుర్రుమని మేలుకొని చుక్కలు చూపెను. దూరదర్శన్ పాత పద్ధతి ప్రసారములు 2022 నాటికి దాదాపు అంతటను ఆగిపోయినవి గనుక దానికి వేరేమియు దొరకదు. మా వాడు ఏరియల్ తీగ తగిలించి, మూడవ మీట నొక్కెను. వానికి జ్ఞాపకమే. చుక్కలు.

తీగ మార్చెను. చుక్కలు. కేసెట్టు మార్చెను. చుక్కలు. అప్పుడు వాని ముఖము వికసించెను.

"నాన్నా, దొరికింది! ఏవీలో వస్తోంది, ఏరియల్లో రావట్లేదు. అంటే ఆ రోజు పోయింది ఇదే" యని బోర్డు మూలను గల చిన్న రేకు డబ్బాను చూపించెను. బొమ్మను స్టేషనుగా మార్చి పంపునది అదే. "మజ్జిగ ఇందులోకే పోయుంటుంది. ఊడదీసి చూస్తా. ఇరవై ఆరేళ్ల లెక్క ఇవాళ తేలిపోతుంది."

అని సాల్డరింగు కడ్డీని ప్లగ్గులో పెట్టెను. వాని తర్కములో తప్పు లేదు. ఎదుట ఉన్న సాక్ష్యమునుబట్టి ఏ మంచి పనివాడైనను అట్లే అనును. కాని ఆ డబ్బా మంచిది. దానిని నాలుగు ప్రక్కల కరిగించి పెరికినచో బోర్డుమీది రాగి గీతలు లేచిపోవచ్చునని వాడే నిన్న నాకు నేర్పెను. కడ్డీ వేడెక్కుటకు రెండు మూడు నిమిషములు పట్టును. ఆ నిమిషములంత దీర్ఘమైన నిమిషములను నేను ఏ బల్లయెదుటను, ఏ మరణ శయ్య యొద్దను ఎరుగను.

"ఆగరా" అంటిని.

లేచి టీవీ దగ్గరకు పోయి చిన్న మూతను గోటితో లాగితిని. బిగిసియుండెను, వచ్చెను. మూడవ చక్రమును వెనుకకు త్రిప్పితిని. ఒక చుట్టు, రెండు, మూడు. చుక్కలు వంకర గీతలయ్యెను. ఇంకొంచెము త్రిప్పగా గీతలు ఊగి ఊగి నిలిచెను. గడ్డి, చెట్టు, బాతు. "వచ్చింది తాతయ్యా!" యని మనుమడు కేకవేసి తుపాకి ఎత్తి కాల్చెను. బాతు పడెను.

మా వాడు బాతును చూడలేదు. నా చేతిని చూచుచుండెను.

"మీకెలా తెలుసు?"

చెప్పితిని. చాపమీద కూర్చుండి అంతయు చెప్పితిని. సంఘపెద్ద మాట, రాత్రి, మూత, చక్రము. వాడు వినెను. తరువాత, "నేను ఊదుతుంటే మీరు చూస్తూ కూర్చున్నారా?" అనెను.

"కూర్చున్నాను."

"మావయ్యకి రాసిన కార్డు?"

"చదివి నేనే పోస్టులో వేశాను."

వాడు కడ్డీని ప్లగ్గునుండి తీసి, దాని స్టాండులో పెట్టెను. ఎంత కోపములోను వస్తువును జాగ్రత్తగా పెట్టువాడు. "ఆయన పోయేదాకా నేను మజ్జిగ అల్లుణ్ణే గదా" యని లేచి వెలుపలికి పోయెను. నేను వెంటపోయి వేపచెట్టు క్రింద, నన్ను క్షమించరా యని అడిగితిని. "ఇప్పుడు కాదు నాన్నా" యనెను. తిరిగి వచ్చుసరికి వంటగది గుమ్మములో మా యింటి ఆమె నిలువబడి యుండెను. అంతయు వినెను. ఆమె తమ్ముడు గదా. ఆ తరువాత రెండు దినములు ఆమె నాతో అన్నము వేళకు తప్ప మాటలాడలేదు.

ఈ పత్రిక ఆ పల్నాటి సంఘమునకును పోవుచున్నది. ఆ బుధవారము స్తోత్రమన్న పెద్దలలో కొందరు ఇప్పటికిని ఉన్నారు. అయ్యలారా, అమ్మలారా, ఆ యంత్రము దానంతట అది చెడిపోలేదు. అసలు చెడిపోనేలేదు. ఆనాడు మీకు చెప్పినచోటనే చెప్పవలెనని వచ్చే నెల మొదటి బుధవారము మీ ఊరికి వచ్చుచున్నాను.

నాలుగవ దినము సాయంకాలము మా వాడు హాలులోనికి వచ్చి, మనుమని ప్రక్కను కూర్చుండి, "ఇప్పుడు నా వంతు" అని తుపాకి తీసికొనెను. నాతో ఏమియు అనలేదు. ఆ పాత టీవీకి ఒక గుణము కలదు: వెచ్చబడిన కొలది స్టేషను మెల్లగా జారిపోవును. పావుగంటకొకసారి ఎవరైనను చక్రమును సరిచేయుచుండవలెను. అందుచేత నేను ముక్కాలిపీట తెచ్చుకొని టీవీ ప్రక్కను, బొమ్మ నాకు కనబడని వైపున కూర్చుండి, మూడవ చక్రముమీద వ్రేలు ఉంచితిని.

"తాతయ్యా, పోతోంది!" యనెను మనుమడు.

కొంచెము త్రిప్పితిని.

"ఎక్కువైంది. కొంచెం వెనక్కి" అనెను మా వాడు.

త్రిప్పితిని.

"చాలు నాన్నా" అనెను.